ఊరికొక చావు చచ్చిన మనిషి

ఆయన చచ్చిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను "ఏ ఊళ్లో?" అని అడిగాను.

ఫోన్ చేసింది మా హాస్టల్ వార్డెన్. మెల్లగా, "ఇంట్లనే మేడమ్. అమరచింతల. నిజంగనే పోయిండు" అంది.

విన్నవాళ్లకు నా ప్రశ్న పిచ్చిగా అనిపించవచ్చు. కానీ మా సంస్థలో కొన్నేళ్లపాటు పొద్దున్నే ఆఫీసు తలుపు తీయగానే వినపడే మాట, "ఇయ్యాల పెద్దనాయిన యాడ సస్తుండు?" అన్నదే. జీపు డ్రైవరు డీజిలు పోయించుకోవడానికి అడిగేవాడు. వార్డెన్ ఖాళీ సంచులు సర్దిపెట్టడానికి అడిగేది. "ఇయ్యాల వీపనగండ్ల దిక్కు సస్త. రేపు ఆరాం" అని ఆయనే జవాబు చెప్పేవాడు, సగం కాల్చిన బీడీని ఆర్పి జేబులో వేసుకుంటూ.

సంస్థ అంటే పెద్దదేమీ కాదు. వనపర్తిలో రిటైరైన ఒక డాక్టరు తన ఇంటి ముందుగదుల్లో మొదలుపెట్టాడు. మేమంతా ఆయన్ని సారు అనేవాళ్లం. వలస పోయేవాళ్ల పిల్లలు తల్లిదండ్రుల వెంట పోకుండా ఇక్కడే ఉండి చదువుకోవడానికి ఒక హాస్టల్ నడిపేవాళ్లం. మగదిక్కు లేని ఆడవాళ్లకు మేకలు, కుట్టు మిషన్లు ఇచ్చేవాళ్లం. జీపులో మందులు వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. గద్వాల విత్తనాల వ్యాపారులు, వనపర్తి పల్లీల మిల్లు వాళ్లు, కొందరు టీచర్లు తలా ఇంత ఇచ్చేవారు. అది మందులకూ మేకలకూ సరిపోయేది. హాస్టల్లో పిల్లల కడుపులు మాత్రం ఊళ్లే నింపాలి. ఊళ్లను అడగడానికి ఒక నాటకం. ఆ నాటకంలో చావడానికి, మేం పెద్దనాయిన అని పిలిచే ఆయన.

నేను నాగర్‌కర్నూలు నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరి ఆ బృందానికి తోడు వెళ్లేదాన్ని. సర్పంచితో మాట్లాడటం, నాటకం అయ్యాక జ్వరం మాత్రలు పంచడం నా పని. డప్పు కొట్టే అతనొకడు, మేస్త్రీ వేషం వేసే అతనొకడు, భార్య వేషానికి ఒకామె, ఆయన. నాటకం కథ చిన్నది. ఒక మనిషి గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పెళ్లాం పిల్లలతో ఎక్కడో దూరాన కాల్వ పనికి పోతాడు. జ్వరం వస్తుంది. దాచుకుంటాడు. మేస్త్రీ దవాఖానాకు పంపడు. టార్పాలిన్ పరదా కప్పిన గుడిసెలో పెళ్లాం ఒళ్లో తలపెట్టి చచ్చిపోతాడు. ఆమె పిల్లల్ని తీసుకుని ఊరికి తిరిగి వచ్చి బడిలో వేస్తుంది. అంతే.

ఆయన బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు. వయసులో ఉన్నప్పటినుంచీ పాలమూరు లేబర్ గుంపుల్లో పని చేసి చేసి, కాలు మీద రాయి పడ్డాక ఊరు చేరిన మనిషి. ఊళ్లోకి జీపు రాగానే పిల్లలు "సచ్చే తాత ఒచ్చిండు రోయ్!" అని వెంటపడేవారు. ఆయన జీపు దిగి ముందుగా చేసే పని చావడానికి చోటు వెతుక్కోవడం. ముళ్లు, రాళ్లు లేని జాగా చూసుకుని తువ్వాలతో తనే ఊడ్చుకునేవాడు. తర్వాత చేతి గడియారం, చెప్పులు విప్పి, ముందు వరసలో కూర్చున్న ముసలామె ఎవరైతే ఆమెకిచ్చి, "జర చూడవ్వా. నేను లేసినంక ఇద్దువు" అనేవాడు. ఆ ముసలామె నాటకమంతా ఆ చెప్పుల్ని ఒళ్లో పెట్టుకుని చూసేది. ఆయన పడిపోగానే అందరికంటే ముందు ఏడ్చేది ఆమే.

చావకముందు ఏమీ తినేవాడు కాదు. లేచాక చెంబెడు నీళ్లు తాగేవాడు. పడుకుని ఉండగా ఎవరైనా దాటితే ఊరుకునేవాడు కాదు. ఒకసారి డప్పు కొట్టే అతను తొందరలో కాళ్ల మీదుగా దాటాడు. శవం కళ్లు తెరిచి, "సుట్టు తిరిగి పో రా" అంది. ఊరంతా నవ్వింది. ఆయన మళ్లీ కళ్లు మూసుకుని చచ్చిపోయాడు. మళ్లీ ఊరంతా ఏడ్చింది. అలాంటి మనిషి.

ఆయన మీద కప్పిన తెల్లబట్ట నాటకం చివర లేచి దులిపి, నేలమీద పరిచేవాడు. మొదట్లో జనం వెనక్కి జరిగేవారు. పీనుగు మీది బట్టలో తిండిగింజలు పోయడమేమిటని గొణిగేవారు. "నేను సచ్చింది నాటకంల. పిల్లలకు ఆకలైతున్నది నిజంగ. పొయ్యిండ్రి" అనేవాడు. అరవడు, బతిమాలడు. పక్కింటివాళ్లను చెంబు అడిగినట్టు అడిగేవాడు. జొన్నలు, పల్లీలు, పెసలు, ఒక్కోసారి సొరకాయ వచ్చి ఆ బట్టలో పడేవి. నాలుగు మూలలూ కలిపి మూట కట్టి, తనే భుజాన వేసుకుని జీపు దాకా మోసేవాడు. హాస్టల్ పిల్లలు తిన్న అన్నంలో ఆ చావుల వాటా చాలా ఉంది.

కొన్నాళ్లకు నేను ఒకటి గమనించాను. ఆయన ఏ రెండు ఊళ్లలోనూ ఒకేలా చావడం లేదు. ఒకచోట మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి, కప్పిన గుడ్డ అంచును పాదాల కిందికి మళ్లీ మళ్లీ దోపుకుంటూ పోయేవాడు. ఇంకోచోట వెల్లకిలా పడుకుని, పచ్చిపులుసు కావాలని అడిగి, అది వచ్చేలోపల పోయేవాడు. మరోచోట నీళ్లు, నీళ్లు అంటూనే ఎడమచేతి మణికట్టును కుడిచేత్తో రుద్దుకుంటూ ఉండి, రుద్దడం ఆపేసేవాడు.

ఒకరోజు జీపులో తిరిగి వస్తూ అడిగాను. "పెద్దనాయినా, ఊరికో తీరుగా చేస్తావెందుకు?"

"నేను చేస్తలే బిడ్డా. వాళ్లు చేసింది చేస్తున్న" అన్నాడు.

"ఎవరు?"

"పచ్చిపులుసు అడిగినోడు రాయిచూరు అవుతల కాల్వ మీద పోయిండు. ముడుసుకొని పండినాయన పూనా దిక్కు. నీళ్లడిగినాయన చేతి మీద తేలు పచ్చబొట్టు ఉండె. దాన్నే రుద్దుకుంట రుద్దుకుంట పోయిండు. అందరు నా పక్కల పండుకున్నోళ్లే." కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు. "నాకు నాటకం యాడొస్తది? యాదికొచ్చింది చేస్త."

ఆ తర్వాత ఆయన పడుకున్న ప్రతిసారీ నేను ఆయన్ని చూడటం మానేశాను. ఆయన లోపల పడుకున్నవాణ్ని చూసేదాన్ని.

వీపనగండ్లకు కొద్ది దూరంలో ఒక ఊరు. పత్తి ఏరడం అయిపోయిన రోజులు, జనం బాగా వచ్చారు. ఆ సాయంత్రం ఆయన అంతకుముందు నేను చూడని చావు చచ్చాడు. భార్య వేషం వేసినామె ఒళ్లో తలపెట్టి ఉన్నవాడు, చెయ్యి పైకెత్తి ఆమె చెవితమ్మెను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. చంటిపిల్లలు నిద్రకు ముందు తల్లి చెవిని పట్టుకుని నలుపుతారే, అలా నలిపాడు. వేళ్లు మెల్లగా ఆగాయి. చెయ్యి జారి పడింది. ఆమెకు ఆ సంగతి ముందుగా తెలియదు. నిజంగానే ఉలిక్కిపడి కేక పెట్టింది.

జనంలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. వెనకవాళ్లు "కూసో పెద్దమ్మా, కనవడ్తలే" అన్నారు. ఆమె కూర్చోలేదు. ఏడవలేదు. తన చెవి మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే నిలబడి, జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయింది. బట్టలో గింజలు పోసినవాళ్లలో ఆమె లేదు.

మేము ఆ రాత్రి ఆ ఊరి బడిలోనే ఉండిపోయాం. తెల్లవారి ఎండ ఇంకా వరండా దాకా రాలేదు. ఆయన మెట్ల మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. నేను మందుల డబ్బా సర్దుకుంటున్నాను. ముసలామె వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు, నిండా నీళ్లు.

"నాయినా, నిన్న సచ్చింది ఎవరు?" అని అడిగింది.

"నాటకం కదవ్వా" అన్నాడు.

"నాటకమని నాకు ఎర్కనే. సచ్చింది ఎవరు?"

ఆయన వేపపుల్ల పక్కన పడేసి, నోరు పుక్కిలించుకుని వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "నీ కొడుకు పేరేందవ్వా?"

"నువ్వే చెప్పు."

"సొంత పేరు నాకు తెల్వదు. మేమందరం పొట్టోడా అని పిలుస్తుంటిమి. చిన్న పోరడు. ముందల పన్ను సగం ఇరిగి ఉండె."

ఆమె చెంబును కింద పెట్టింది. తనూ కూర్చుంది. "బాయి గిలక మీద పడ్డడు. గప్పుడు ఇరిగింది" అంది.

"మేస్త్రీ మీకేం చెప్పిండు?" అని ఆయనే అడిగాడు.

"నేనే ఎతుక్కుంట పోయి అడిగితె, ఎవరో పిల్లతోని లేసిపోయిండని చెప్పిండు. బొంబాయిల ఉన్నడని. కోపం తగ్గినంక ఒస్తడులే అనుకున్న. పెండ్లి చేసుకున్నడేమో, పిల్లలు గిట్ల అయిన్రేమో అనుకుంట ఉన్న." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "యాడ పెట్టిండ్రు?"

"కాల్వ కట్ట మీద. నేనే తవ్విన. తలకాడ పెద్ద రాయి పెట్టిన. ఇప్పుడు ఆ కట్ట మీద రోడ్డేసిండ్రంట."

"నీ చెవే పట్టుకున్నడా?"

"ఆ."

ఆమె తల ఊపింది. తర్వాత, ఎవరింటికో వెళ్లి కత్తిపీట అడిగినంత మామూలుగా, "జర పండుకో నాయినా" అంది.

ఆయన నావైపు చూశాడు. చేతి గడియారం విప్పి నాకు ఇచ్చాడు. బడి వరండాలో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె చెంబులో నీళ్లతో ఆయన కాళ్లు కడిగింది. కొంగున కట్టుకొచ్చిన పసుపు పాదాలకు రాసింది. నుదుట బొట్టు పెట్టింది. ఆయన క్రైస్తవుడు. బొట్టు పెట్టించుకునే మనిషి కాదు. కదలలేదు. ఆమె వంగి, ఆయన చెయ్యి ఎత్తి తన చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టింది. వాడు కడుపులో ఉన్నప్పుడు తను తిన్న మట్టి దగ్గర్నుంచి, వాడికి కుట్టించి పెట్టిన అంగీ దాకా, అన్నీ పేరుపేరునా చెప్పి ఏడ్చింది. ఏళ్లుగా లోపల పెట్టుకున్న ఏడుపు అది. డప్పు కొట్టే అతను లోపల్నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బడికి వస్తున్న పిల్లల్ని పంతులు గేటు బయటే ఆపేశాడు.

ఆయన మూసిన కళ్ల చివర్లనుంచి నీళ్లు కారుతున్నాయి. నాటకంలో ఎన్నడూ అలా జరగలేదు.

చివరికి ఆమె ముఖం తుడుచుకుని, "లే నాయినా. ఎండొస్తుంది. గట్ల ఎంతసేపు పండుకుంటవు?" అంది.

ఆయన లేవలేదు. లేవాలని చూశాడు కానీ శరీరం మాట వినలేదు. డప్పు అతనూ నేనూ చెరో రెక్కా పట్టుకుని కూర్చోబెట్టాం. కాళ్లు మంచులా ఉన్నాయి. ఆమె ఇంటికి వెళ్లి జొన్నరొట్టె, కారం తెచ్చి ఆయనకు పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుని చూసింది.

జీపులో ఆయన ఒకే మాటన్నాడు. "ఇగ నాతోని కాదు బిడ్డా."

అలసిపోయాడనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. తను ఆడే చావు ఏ ఊరివాడిదో ఆ ఊళ్లో మాత్రం ఆడకుండా ఆయన మొదటినుంచీ జాగ్రత్తపడేవాడట. పొట్టోడు తనది గద్వాల దిక్కని చెప్పేవాడట. అందుకని ఆ వైపు వెళ్లినప్పుడు వాణ్ని మనసులోకి రానిచ్చేవాడు కాదు. "అబద్ధం చెప్పిండు పోరడు. ఇంట్ల చెప్పకుండ పనికొచ్చిండేమో. పట్టుకొస్తరని భయపడ్డడు" అన్నాడు. కొంచెం ఆగి, "ఇంక శానమంది ఉన్నరు. వాళ్ల ఇండ్లల్ల ఇట్లనే తొవ్వ చూస్తున్నరు కదా" అన్నాడు.

ఆయన మళ్లీ ఎన్నడూ నాటకంలో పడుకోలేదు.

సంస్థకు అది చిన్న దెబ్బ కాదు. మేస్త్రీ వేషం వేసే అతనితో చావు వేషం వేయించాం. జనం నవ్వారు. బట్టలో గింజలు అడుగంటాయి. హాస్టల్లో పొద్దుటి ఉప్మా పలచనైంది. సారు ఆయన్ని పిలిచి మాట్లాడాడు. "నీ బాధ నాకర్థమవుతుంది. పిల్లల సంగతి కూడా చూడాలి కదా" అన్నాడు. ఆయన తల వంచుకుని, "వేరే పని ఏదన్న చెప్పు సారు. కట్టెలు కొడ్త. నీళ్లు మోస్త" అన్నాడు.

ఆ ఏడు గద్వాలలో దాతల సమావేశం పెట్టాం. విత్తనాల వ్యాపారులూ వాళ్ల కుటుంబాలూ వచ్చారు. సచ్చే తాత అని వాళ్లు విన్నారు కానీ చూడలేదు. ఒకాయన ముచ్చటపడి, "ఒక్కసారి చేసి చూపించు పెద్దాయనా. మా పిల్లలు చూస్తరు" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన వేదిక మీదికి వెళ్లాడు. మడిచి చంకలో పెట్టుకున్న తెల్లబట్ట విప్పి నేలమీద పరిచాడు. దాని పక్కన నిలబడ్డాడు.

"సేటు, నేనేం గొప్ప ఆటగాన్ని కాదు. నాతోని పని చేసి సచ్చినోళ్లను చూపిచ్చిన. ఇప్పుడు వాళ్లు నన్ను ఆడనిస్తలేరు. పండుకుంటె లేవనిస్తలేరు. పిల్లలైతే ఆడ్నే ఉన్నరు. మీరిచ్చేది ఇయ్యుండ్రి" అని దిగి వచ్చేశాడు.

అడిగినాయనే ముందుగా లేచి, హాస్టల్‌కు ఏడాది జొన్నలు తన గోదాము నుంచి పంపుతానని చెప్పాడు. చెప్పినట్టే పంపాడు. ఇంకొందరు ఇచ్చారు. కొందరు మళ్లీ సమావేశానికి రాలేదు. ఏమైతేనేం, హాస్టల్ నడిచింది.

ఆయన మాత్రం ఊళ్లు తిరగడం మానలేదు. ఇప్పుడు ఇళ్లకు వెళ్లేవాడు. నేనూ వెంట వెళ్లేదాన్ని. దానికొక కారణం ఉంది. పనికి పోయి కనపడకుండా పోయినవాళ్ల భార్యలు సర్కారు లెక్కలో విధవలు కారు. పింఛను రాదు. మా మేకలు కూడా భర్త పోయినవాళ్లకే ఇవ్వాలని దాతలు పెట్టిన షరతు. వాళ్లు అటు సుమంగళులూ కారు, ఇటు విధవలూ కారు. మనిషి పోయాడని చూసినవాడెవడో ఒకడు వచ్చి చెప్పాలి. "నేను చెప్త సారు. చూసినోన్ని నేనే కదా" అని ఆయనే ముందుకు వచ్చాడు.

ఇంటి ముందు కూర్చునేవాడు. నీళ్లు అడిగేవాడు. తెచ్చాక తాగకుండా పక్కన పెట్టుకుని, "మీ మనిషి నా పక్కన పండుకునేటోడమ్మా" అని మొదలుపెట్టేవాడు. ఎలా పోయాడో, ఎక్కడ పెట్టారో, చివర ఏం అడిగాడో చెప్పేవాడు. ఒక్కటీ మార్చి చెప్పేవాడు కాదు. అంతా చెప్పాకే నీళ్లు తాగేవాడు.

కొన్ని ఇళ్లలో కాళ్లమీద పడి ఏడ్చారు. కొన్ని ఇళ్లలో, "సచ్చినోడా, నీ నోట్ల మన్ను వడ! మా వాడు మొన్ననే పైసలు పంపిండు" అని తిట్టారు. పంపలేదని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఒక తండ్రి కట్టె విసిరాడు. అది ఆయన భుజానికి తగిలింది. ఆయన ఆ కట్టెను తీసి గోడకు ఆనించి, దండం పెట్టి వచ్చేశాడు.

వార్త ఊళ్లకు మాకంటే ముందే చేరేది. ఒకప్పుడు జీపు చప్పుడు వినగానే పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు తలుపులు మూసుకునేవి. ఆయన కాలు ఈడుస్తూ వీధిలో నడుస్తుంటే, తలుపు సందుల్లోంచి ఆడవాళ్ల కళ్లు కనపడేవి. తమ ఇల్లు దాటిపోతాడా, ఆగుతాడా అని చూసేవారు. దాటిపోతే లోపల ఎవరో పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు మాకు వినపడేది.

ఖిల్లా ఘణపూర్‌లో కోట గుట్ట కిందుగా ఒకామె ఉండేది. ఆమె కూతురు మా హాస్టల్లోనే చదివేది. మేము వెళ్లేసరికి పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తోంది. చేతినిండా ఆకుపచ్చ గాజులు. ఆయన్ని చూడగానే చేతిలో పిండి అలాగే ఉంచుకుని, "పెద్దాయనా, నువ్వెందుకు తిరుగుతున్నవో నాకు ఎర్కనే" అంది. "నాకు మేకలొద్దు. పింఛిని వద్దు. మా ఆయనను నువ్వు చూడలేదని చెప్పి పో."

"ఎట్లుంటడమ్మా మీ ఆయన?" అన్నాడు.

"ఎర్రగ ఉంటడు. ఎడమచేతి మీద తేలు పచ్చబొట్టు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో మాత్రం ఏమీ కదలలేదు. గుట్ట మీద కోటగోడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"గసొంటి మనిషిని నేను చూడలే బిడ్డా" అన్నాడు.

"మంచిగ యాది చేసుకో."

"చూడలే. మా గుంపుల తేలు పచ్చబొట్టు ఎవలకు లేకుండె. యాన్నో ఉండి ఉంటడు."

ఆమె ముఖం విప్పారింది. "నేను చెప్తనే ఉన్న అందరికి!" అని లేచి, పీట వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. వేడి రొట్టెలు, వంకాయ కూర పెట్టింది. ఆయన పెట్టినవన్నీ తిన్నాడు. ఇంకా పెడితే అదీ తిన్నాడు. మొగుడు ఇంటికి వచ్చాక ఇల్లు ఎలా కప్పించుకోవాలో ఆమె చెబుతూనే ఉంది. ఆయన "ఆ బిడ్డా", "మంచిదే బిడ్డా" అంటూ విన్నాడు.

జీపు దాకా వచ్చాక చక్రం పట్టుకుని కూర్చుని తిన్నదంతా కక్కేశాడు. నేను వీపు నిమిరాను. కొంత తేరుకున్నాక, "సారుకు చెప్పు. ఆమెకు మేకలు ఇయ్యమను. వేలిముద్ర యాడ పెట్టమంటె ఆడ పెడ్త. ఆమెకు మాత్రం తెల్వనియ్యకుండ్రి" అన్నాడు.

సారు విని, వేలిముద్ర అక్కర్లేదన్నాడు. హాస్టల్లో పిల్ల బాగా చదువుతోందని చెప్పి తన సొంత డబ్బుతో మేకలు కొనిచ్చాడు. ఆమె వాటికి మెడలో పూసలు కట్టిందని కూతురు వచ్చి చెప్పింది.

ఆయన ఆ తర్వాత ఎవరింటికీ వెళ్లలేదు. హాస్టల్లోనే ఉండి నీళ్లు మోసేవాడు, కట్టెలు కొట్టేవాడు, పిల్లల తలలకు నూనె రాసేవాడు. కానీ మనిషి పడుకోవడం మానేశాడు. ఎప్పుడు చూసినా జొన్నల బస్తాలకు వీపు ఆనించి, కూర్చునే కునుకు తీసేవాడు. చాప వేసిస్తాను, కాసేపు నడుం వాల్చమని బతిమాలాను.

"వద్దు బిడ్డా. పండుకుంటె ఎవలో ఒకలు కాళ్లు కడగనీకె ఒస్తరు" అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకుని ముఖం వైపు చూశాను. నవ్వడం లేదు. నా భుజం మీదుగా వాకిలి వైపు చూస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిసి కూడా ఆ రోజు ఆ వాకిట్లోంచి బయటికి పోవడానికి నాకు భయమేసింది.

ఆరోగ్యం పాడయ్యాక కొడుకు వచ్చి అమరచింతకు తీసుకుపోయాడు. వెళ్లేముందు హాస్టల్ పిల్లలందరి తలలూ ఒక్కొక్కటిగా నిమిరాడు. అదే నేను ఆయన్ని చివరిసారి చూడటం.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి అమరచింత చేరాను. చర్చి వెనక చిన్న ఇల్లు. పక్కవీధిలో మగ్గాలు ఆపేశారు. లోపల మంచం మీద పడుకోబెట్టారు. ఎంతో కాలం తర్వాత వెల్లకిలా పడుకున్నాడు. తలవైపు ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమెను నేను అదే మొదటిసారి చూడటం. ఆమె ఎన్నడూ నాటకం చూడటానికి రాలేదని డప్పు అతను నాకు చెప్పాడు. కొంగుతో ఈగలు తోలుతోంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. అప్పుడే బయట ట్రాక్టరు ఆగింది. వీపనగండ్ల వైపు జనం. తర్వాత ఆటోలు వచ్చాయి. మూసిన తలుపుల సందుల్లోంచి మాత్రమే నేను చూసిన కళ్లు ఇప్పుడు ముఖాలతో సహా వాకిట్లో నిలబడ్డాయి. తిట్టినవాళ్లు వచ్చారు. కట్టె విసిరిన తండ్రి వచ్చాడు. పొట్టోడి తల్లిని ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఆయన మీద పడి ఏడ్చారు. ఆయన పేరు ఎవరూ పిలవలేదు. ఒకామె "శంకరా" అని ఏడ్చింది. ఒకామె "నా చిన్న కొడుకా" అని ఏడ్చింది. ఒకామె మొగుణ్ని పేరు పెట్టి పిలవలేక, "ఓ నా బిడ్డల తండ్రీ, మమ్ముల యాడ పెట్టిపోయినవు" అని ఆయన కాళ్లు పట్టుకుంది. వాళ్లెవరికీ ఏడవడానికి ఒక శవం దొరకలేదు. ఇన్నేళ్లకు దొరికింది. పాస్టరు బైబిలు మూసి గోడవారగా నిలబడిపోయాడు. ఖిల్లా ఘణపూర్ ఆమె కూడా వచ్చింది. గడప దాటలేదు. గాజుల చేతులు తలుపు చెక్కకు ఆనించి కాసేపు చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయింది.

భార్య ఎవరినీ ఆపలేదు. వచ్చినవాళ్లకు చోటిచ్చి జరుగుతూ జరుగుతూ గోడ దాకా వెళ్లింది. ఎవరో ఆమె భుజం పట్టుకుని, "నువ్వు గూడ ఏడువు వదినా. గట్ల కూసోకు" అన్నారు.

"ఆగు" అంది ఆమె.

పొద్దు వాలుతుండగా ఆఖరి ఆమె లేచి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది. భార్య మెల్లగా జరిగి మళ్లీ తల దగ్గరికి వచ్చింది. చెదిరిన బట్ట సర్దింది. పాదాలకు ఎవరో రాసిన పసుపును తడిగుడ్డతో తుడిచింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"అందరిది అయ్యిందా బిడ్డా? బయట ఇంకెవలన్న ఉన్నరా?"

నేను వాకిలి దాకా వెళ్లి చూశాను. "ఎవరూ లేరమ్మా" అన్నాను.

"అయితే జర తలుపు దగ్గరికెయ్యి" అంది. "ఇగ నాది."

నేను బయటికి వచ్చి తలుపు వేశాను.